మా మామయ్య, పదిహేడు ఒకట్లు

మా మామయ్య లిఫ్టు నడుపుతాడు. "లిఫ్టు నడపడమేమిటి, బటన్ నొక్కితే అదే పోతుంది కదా" అనేవాళ్ళను ఒకసారి మా భవనానికి తీసుకురావాలి. మాది ఏడంతస్తుల పాత భవనం, లిఫ్టు దానికి తోబుట్టువు. ముడుచుకునే ఇనప తలుపు, చెక్క గోడలు, ఇత్తడి పిడి. ఆ పిడిని ఎంత తిప్పాలో, ఎక్కడ వదలాలో తెలిసిన చెయ్యి కావాలి. లేకపోతే లిఫ్టు గడపకు మూరెడు కింద ఆగి, మనిషి బయటికి ఎగబాకాల్సి వస్తుంది. ఆ తెలిసిన చెయ్యి మా మామయ్యది. మూలన ఎత్తు స్టూలు మీద కూర్చుంటాడు. ఒళ్ళో చెక్క చట్రం పలక, చెవి వెనక బలపం, పక్కనే నీళ్ళ సీసా.

నేను అదే భవనంలో, నాలుగో అంతస్తులో, పళ్ళ డాక్టరమ్మ దగ్గర రిసెప్షనులో పనిచేస్తాను. ఆ ఉద్యోగం ఇప్పించింది మామయ్యే. ఉద్యోగం దాకా ఎందుకు, మా అమ్మ పోయాక నాకు ఇంత ముద్ద పెట్టి, జడ వేసి, బడికి పంపింది ఆయనా అత్తయ్యా. ఆయన గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. రాయడానికి కూర్చుంటే కళ్ళు చెమరుస్తాయి, చెమరిస్తే నా మీద నాకే చిరాకేస్తుంది, చిరాకేస్తే లేచి వెళ్ళిపోతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊరంతా తెలుసు. పంటినొప్పితో వచ్చినవాళ్ళు సైతం నన్ను చూసి నొప్పి మరిచిపోయి బుద్ధిగా కూర్చుంటారని డాక్టరమ్మ అంటుంది.

మామయ్య పలక సంగతి చెప్పాలి.

లిఫ్టు తలుపు పైన ఒక చిన్న యంత్రం ఉంది. లిఫ్టు కదిలినప్పుడల్లా ఒక అంకె తిరుగుతుంది. అంకెల చక్రాలు ఏడు. నా చిన్నప్పుడు ఒక రోజు అది సరిగ్గా ఏడు ఒకట్ల దగ్గరికి వచ్చి బిగుసుకుపోయింది. బాగుచేయడానికి ఎవరూ రాలేదు. అప్పుడు ఆరో అంతస్తులో మోకాళ్ళకు వ్యాయామం చేయించుకోవడానికి ఒక లెక్కల టీచరమ్మ వచ్చేది. రిటైరయింది గానీ టీచరుతనం పోలేదు. ఆమె తల పైకెత్తి ఆ ఒకట్లను చూసి, "ఏమయ్యా, ఇది విరుగుతుందా, విరగదా?" అంది.

"యంత్రమా అమ్మా?"

"యంత్రం కాదయ్యా, సంఖ్య. పదిహేను ఉందనుకో, మూడూ ఐదుగా విరుగుతుంది. పదమూడు ఉందనుకో, ఏం చేసినా విరగదు. మరి ఈ ఏడు ఒకట్లు?"

ఆమె ఆరో అంతస్తులో దిగిపోయింది. మామయ్య మాత్రం ఆ ప్రశ్నలోంచి దిగలేకపోయాడు. మా పాత పలక తెచ్చుకుని, మూడుతో మొదలుపెట్టి ఒక్కో సంఖ్యతో భాగించి చూశాడు. కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "రెండు వందల ముప్పై తొమ్మిది!" అని కేకేశాడు. అత్తయ్య హడలిపోయి ఇంట్లోకి ఏదో దూరిందనుకుంది. రెండు వందల ముప్పై తొమ్మిదిని నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిదితో గుణిస్తే ఏడు ఒకట్లు వస్తాయి. ఆ రెండూ ఇక విరగవు. వాటిని బళ్ళో ప్రధాన సంఖ్యలంటారు. మామయ్య మొండివి అంటాడు.

అక్కణ్ణుంచి ఆ ఒకట్లు ఆయన్ను వదల్లేదు. ఒకట్ల వరుస ఎంత పొడుగుంటే అంత పెద్ద సంఖ్య. సరి సంఖ్యలో ఒకట్లుంటే పదకొండుతో విరిగిపోతాయి, వాటిలో సరదా లేదు. తొమ్మిది ఒకట్లు, పదిహేను ఒకట్లు మూడుకే విరుగుతాయి. పదకొండు ఒకట్లు మాత్రం దాదాపు ఏడాది ఏడిపించాయి. పదమూడు పెళుసు సరుకు, యాభై మూడు తగలగానే విరిగింది. ఇక వచ్చింది పదిహేడు. ఒకటి పక్కన ఒకటి, పదిహేడు ఒకట్లు. దాన్ని నోటితో పలకడానికే ఊపిరి చాలదు.

టీచరమ్మ అప్పుడొక కిటుకు చెప్పింది. పదిహేడు ఒకట్లను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, అందులోంచి ఒకటి తీసేస్తే మిగిలింది ముప్పై నాలుగుతో నిశ్శేషంగా పోవాలి. కాబట్టి అన్నిటినీ చూడక్కర్లేదు. నూట మూడు, నూట ముప్పై ఏడు, రెండు వందల ముప్పై తొమ్మిది, ఇలా అంగలు వేసుకుంటూ పోవచ్చు. "విరుగుతుందయ్యా, అది నాకు తెలుసు. దేనికి విరుగుతుందో చెప్పను. నువ్వూ ఎవర్నీ అడక్కు" అంది. ఆ తర్వాత కుంటుకుంటూ ఒక్కో అంతస్తుకూ వెళ్ళి, ఒక్కో గుమ్మంలో నిలబడి, "అతనికి ఎవరైనా జవాబు చెప్పారంటే ఊరుకోను" అని హెచ్చరించి వచ్చింది. కొన్నేళ్ళకు ఆమె పోయింది. హెచ్చరిక ఉండిపోయింది.

ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యమేస్తుంది. ఫోన్లో నాలుగు నొక్కులు నొక్కితే ఆ జవాబు ఎవరికైనా దొరుకుతుంది. నేనూ చూశాను, డాక్టరమ్మా చూసింది, రెండో అంతస్తు టైలరూ చూశాడు, ఐదో అంతస్తు వకీలు గారైతే కాగితం మీద గుణించి మరీ సరిచూసుకున్నాడు. ఇరవై లక్షల డెబ్భై ఒక్క వేల ఏడు వందల ఇరవై మూడు. అదీ చిన్న ముక్క. పెద్ద ముక్క ఐదు వందల ముప్పై ఆరు కోట్ల పైచిలుకు. నోట్లో నువ్వుగింజ నానని మనుషులు మా భవనం నిండా ఉన్నారు. టైలరుకు ఎవరి నడుము ఎంతుందో తెలిస్తే వీధి మొత్తానికీ తెలిసినట్టే. అలాంటివాడు ఏళ్ళ తరబడి లిఫ్టెక్కి, "విరిగిందా బాబాయ్?" అని అడిగి, "ఇంకా లేదు" అంటే, "విరుగుతుందిలే" అని దిగిపోయేవాడు.

అందరూ అదే అడిగేవారు. మా భవనంలో నమస్కారం బదులు అదే ఆచారమైపోయింది.

కొందరు వెటకారాలూ ఆడేవారు. కొండను తవ్వి ఎలుకను పట్టడమెందుకు అని ఒకాయన అంటే మామయ్య నవ్వి, "ఎలుక కోసం కాదండీ, తవ్వుతుంటే బాగుంది" అన్నాడు. ఇంట్లో మాత్రం ఒకసారి నాతో నిజం చెప్పాడు. "అమ్మడూ, ఇన్నేళ్ళూ ఎవరు ఏ అంతస్తంటే ఆ అంతస్తుకే వెళ్ళాను. ఇది ఒక్కటీ నేను వెళ్దామనుకున్న అంతస్తు. నడిచే వెళ్ళాలి" అన్నాడు. ఆ మాట విన్నాక ఎవరైనా జవాబు చెబుతారేమోనని నేను కాపలా కాయడం మొదలుపెట్టాను.

ఆయన పద్ధతులు రెండు. ఒకటి, లెక్క పలక మీద చేస్తాడు, శేషం మిగిలితే తుడిచేస్తాడు, ఎంతవరకు వచ్చాడో ఆ ఒక్క సంఖ్యనే స్టూలు పక్కన చెక్క గోడ మీద సుద్దతో రాస్తాడు. ఆ గోడ మీది సంఖ్య రోజురోజుకూ పెరగడం మేమందరం చూసేవాళ్ళం. రెండో పద్ధతి ఇంకెవరికీ ఉండదు. కోపం వచ్చిన రోజు చేసిన భాగహారం చెల్లదు. ఆ రోజు లెక్కంతా కొట్టేసి మర్నాడు మళ్ళీ చేస్తాడు.

దానికో కారణం ఉంది. ఒకసారి ఒకాయన తన ముసలితల్లిని లిఫ్టులోనే కసురుకున్నాడు. మామయ్యకు అప్పుడు కోపం వచ్చింది. నేను చూసిన మొదటి కోపం అదే. ఆ కొడుకును తల్లికి క్షమాపణ చెప్పేదాకా దిగనివ్వలేదు. మర్నాడు మళ్ళీ చేసి చూసుకుంటే ముందురోజు లెక్కల్లో పొద్దున చేసినవాటితో సహా తప్పులే. "గొడవ సాయంత్రం కదా మామయ్యా, పొద్దుటి లెక్క ఎందుకు తప్పుతుంది?" అని అడిగాను. "కోపం పొంగేది సాయంత్రమైనా పొద్దున్నుంచీ లోపల ఉడుకుతూనే ఉంటుందమ్మా" అన్నాడు. నాకు ఆ వాదన అర్థం కాలేదు, ఎందుకంటే నాది ఉడకదు, నేరుగా మాడుతుంది. ఏదేమైనా ఆ నియమం ఆయన ఎన్నడూ తప్పలేదు. పాటించాల్సిన అవసరమూ పెద్దగా రాలేదు, ఆయనకు కోపం రావడమే అరుదు.

చివరికి ఆ రోజు వచ్చింది. పొద్దున లిఫ్టులో అడుగుపెట్టగానే గోడ చూశాను. 20,71,519. ఇంకెంత, గుప్పెడు సంఖ్యల దూరం. నాలుగో అంతస్తుకు వెళ్ళేదాకా గోడ వైపు చూడకుండా నా చెప్పులనే చూస్తూ నిలబడ్డాను. మామయ్య మామూలుగా, "టిఫిన్ తిన్నావా, ఊరికే వచ్చేశావా?" అని అడుగుతున్నాడు.

ఆ రోజు మా భవనంలో లిఫ్టెక్కని మనిషి లేడు, పని ఉండి ఎక్కిన మనిషీ లేడు. వకీలు గారు ఒకే ఫైలు చంకన పెట్టుకుని కిందికీ పైకీ తిరిగాడు. టైలరు కత్తెర పట్టుకునే ఏడో అంతస్తుకు వెళ్ళి, అక్కడ ఎవరూ తనను పిలవలేదని గుర్తొచ్చి దిగాడు. డాక్టరమ్మ రోగి నోరు తెరిపించి, "అలాగే ఉంచండి" అని చెప్పి, చేతి తొడుగులతోనే వరండాలోకి వచ్చి లిఫ్టు వైపు చూసి వెళ్ళింది. ఎవరి నోటా ఒక్క మాట లేదు. అందరూ తేలు కుట్టిన దొంగల్లా ఉన్నాం.

మధ్యాహ్నం నేను కిందికి దిగుదామని లిఫ్టెక్కాను. గోడ మీద 20,71,757 అని ఉంది.

మళ్ళీ చదివాను. 757. అంటే 723 అయిపోయింది. మామయ్య దాంతో భాగించాడు, సున్నా రావాల్సిన చోట ఏదో శేషం వచ్చింది, తుడిచేశాడు, ముందుకెళ్ళిపోయాడు. ఎక్కడో తీసివేతలో ఒక అప్పు మరిచిపోయి ఉంటాడు. పక్కన పళ్ళు పీకించుకుని ఏడుస్తున్న పిల్లవాణ్ణి సముదాయిస్తూ చేసి ఉంటాడు. ఎలా జరిగినా జరిగిపోయింది. ఇక ముందుకు పోతే ఎంత దూరం పోయినా ఆయన బతికుండగా ఆ ఒకట్లు విరగవు. పెద్ద ముక్క ఐదు వందల కోట్ల అవతల ఉంది. నడిచి వెళ్ళాలనుకున్న అంతస్తును మామయ్య చీకట్లో దాటేసి, మెట్లు ఎక్కుతూనే ఉన్నాడు.

"అదేంటమ్మా, మొహం అలా అయింది?" అన్నాడు.

"ఏం లేదు, ఆకలి" అన్నాను. కిందికి దిగలేదు. తిరిగి నాలుగో అంతస్తుకే తీసుకెళ్ళమన్నాను.

డాక్టరమ్మ వెయిటింగు గదిలో పంచాయితీ కూర్చుంది. వకీలు గారు చెప్పేద్దామన్నాడు. "చెప్పకపోతే మనిషి జీవితం వృథా కదమ్మా."

"చెబితే ఇన్నేళ్ళూ వృథా" అన్నాడు టైలరు. వాడి నోట అంత మంచిమాట నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

"పోనీ, ఒకసారి సరిచూసుకో అని చెబితే?" అంది డాక్టరమ్మ.

"ఏ సంఖ్య దగ్గర సరిచూసుకోమని చెబుతారు? అలా చెప్పినా జవాబు చెప్పినట్టే" అన్నాను. అంతలో మామయ్య రెండో పద్ధతి గుర్తొచ్చింది. "ఆయనకు కోపం తెప్పించాలి. ఇవాళే, లిఫ్టు ఆపేలోపు. కోపమొస్తే ఇవాళ్టి లెక్క కొట్టేస్తాడు. రేపు మళ్ళీ అదే సంఖ్యకు వస్తాడు."

అందరూ నిట్టూర్చారు. మామయ్యకు కోపం తెప్పించడమంటే మాటలా? నిండుకుండ తొణకదు. అయినా తప్పదని ఒక్కొక్కరం బయల్దేరాం.

వకీలు గారు లిఫ్టెక్కి, "ఏమయ్యా, ఈ మధ్య లిఫ్టు సరిగ్గా ఆపడం లేదు, నీకు వయసైపోయింది" అన్నాడు. "అవునండీ, వేలెడు తేడా వస్తోంది, తాడు సాగిందేమో చూపిస్తాను. చెప్పినందుకు థాంక్సండీ" అన్నాడు మామయ్య. టైలరు వెళ్ళి, "ఆ చొక్కా కాలరేంటి బాబాయ్, అడ్డదిడ్డంగా ఉంది" అన్నాడు. "నువ్వు కుట్టిందేగా! ఏం, చెయ్యి నొప్పిగా ఉందా? పాపం, కాస్త విశ్రాంతి తీసుకో" అని మామయ్య జాలిపడ్డాడు. టైలరు తిరిగొచ్చి కూలబడ్డాడు.

నా వంతు వచ్చింది. కోపం నా సొంత విద్య కదా అనుకున్నాను. "ఈ లెక్కల పిచ్చిలో పడి అత్తయ్యను ఎప్పుడైనా ఎక్కడికైనా తీసుకెళ్ళావా?" అని గయ్యిమన్నాను.

మామయ్య బలపం చెవి వెనక పెట్టాడు. "నిజమేనమ్మా. నాదే తప్పు. ఈ ఆదివారం ముగ్గురం ఎక్కడికైనా వెళ్దాం. ఎక్కడికి వెళ్దామంటావు?"

నాకు కోపం వచ్చింది. ఆయనకు రాలేదు.

తిరిగొచ్చేసరికి వెయిటింగు గదిలో ఆయమ్మ నేల తుడుస్తోంది. ఈ భవనంలో మెట్లు, వరండాలు, లిఫ్టు తుడిచేది ఆమే. మామయ్య కంటే ముందు నుంచీ ఉంది. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడదు. మేం గోలగోలగా మాట్లాడుకుంటుంటే మధ్యాహ్నం నుంచీ వింటూనే ఉంది కాబోలు, గుడ్డ పిండి బకెట్టు మీద వేసి నా దగ్గరికి వచ్చింది.

"నన్ను తిట్టమ్మా" అంది.

"ఏంటి ఆయమ్మా?"

"అన్నయ్యను ఎంతన్నా ఆయనకు కోపం రాదు. ఎదుటివాళ్ళని అంటే వస్తుంది. ఆ ముసలామె విషయంలో చూశావు కదా. లిఫ్టులో, ఆయన ముందు, నన్ను తిట్టు. గట్టిగా తిట్టు."

మామయ్య మనసు నాకే తెలుసనుకున్నాను. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టగల మనిషి ఇన్నాళ్ళూ నేల తుడుస్తూ పక్కనే ఉంది.

"నా వల్ల కాదు" అన్నాను.

"ఊళ్ళో అందర్నీ తిడతావుగా. నన్ను తిట్టడానికేం?" అని నవ్వింది. పళ్ళు సగం లేవు. డాక్టరమ్మ ఎన్నిసార్లు కట్టిస్తానన్నా వద్దంది ఆమె.

ఇద్దరం లిఫ్టెక్కాం. ఆమె బకెట్టు కింద పెట్టింది. అందులోంచి రెండు చుక్కలు నా చెప్పు మీద పడ్డాయి, ఆమే పడేట్టు చేసింది. నేను నోరు తెరిచాను. మాట రాలేదు. రోజూ అడగకుండానే వచ్చే మాటలు, కావాలంటే ఒక్కటీ రాలేదు. ఆయమ్మ కనపడకుండా నా కాలు తొక్కింది.

"కళ్ళు కనపడట్లేదా?" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆమె మళ్ళీ తొక్కింది. "నీకే చెప్పేది! ఇన్నేళ్ళ నుంచీ తుడుస్తున్నావు, ఒక్క మూలైనా శుభ్రంగా ఉందా? ఆ మురికి గుడ్డ పట్టుకోవడం తప్ప ఏం చేతనవును నీకు? రేపటి నుంచి రాకు. నీలాంటివాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు."

ఆయమ్మ తల దించుకుని నిలబడింది. లిఫ్టు మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఠక్కున ఆగింది. మామయ్య స్టూలు దిగాడు.

"నోరు ముయ్యి."

నన్ను ఆయన అంతకుముందు ఎన్నడూ అలా అనలేదు.

"ఎవర్ని అంటున్నావో తెలుసా నీకు? మీ అమ్మ ఆస్పత్రిలో పడుంటే అత్తయ్య అక్కడ, నేనిక్కడ. నిన్నెవరు చూశారనుకున్నావు? ఇదిగో, ఈ స్టూలు పక్కన నేల మీద కూర్చుని, ఒక చేత్తో నిన్ను ఒళ్ళో పట్టుకుని, పొద్దంతా నాతో పాటు కిందికీ పైకీ తిరిగింది ఈవిడ. నీకు జ్వరమొస్తే ఆ గుడ్డే ఉతికి తడిపి నుదుటి మీద వేసింది. ఆ గుడ్డను మురికిదంటావా? ఎంత ధైర్యం నీకు? క్షమాపణ అడుగు. కాళ్ళు పట్టుకుని అడుగు!"

నాకు ఇది ఎవరూ చెప్పలేదు. మామయ్యా అత్తయ్యే నన్ను పెంచారని ఎన్నోసార్లు అందరికీ చెప్పుకున్నాను. అప్పుడు నేను వంగి ఆయమ్మ కాళ్ళు పట్టుకున్నాను, అందులో నాటకం ఏమీ లేదు. ఏడుపు ఆగలేదు. ఆమె నా తల నిమురుతూ, "ఊరుకో, ఊరుకో, బాగా చేశావు" అని చెవిలో గొణిగింది.

మామయ్య తడిచెయ్యి పెట్టి పలక తుడిచేశాడు. గోడ మీది 20,71,757ను అరచేత్తో చెరిపేశాడు. దాని చోట పొద్దుటి సంఖ్య రాశాడు, 20,71,519. "ఇవాళ్టి లెక్క చెల్లదు" అన్నాడు ఎవరితోనో అన్నట్టు. లిఫ్టు నాలుగో అంతస్తులో ఆపి, నా వైపు చూడకుండా తలుపు తీశాడు. వరండాలో చెవులు రిక్కించుకుని నిలబడ్డవాళ్ళంతా పక్కకు తప్పుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన నాతో మాట్లాడలేదు. అత్తయ్య ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడక్కుండా, నాకు రెండోసారి అన్నం వడ్డించింది.

మర్నాడు పొద్దున నా పని నేను చేసుకుంటున్నట్టు నటిస్తున్నాను. కొంతసేపటికి లిఫ్టు పైకి వెళ్ళిన చప్పుడైంది. ఏడో అంతస్తులో ఆగింది. కిందికి రాలేదు.

గంట మోగించేవాళ్ళు మోగించారు. రాలేదు. వరండాలోకి వచ్చి చూస్తే వకీలు గారు మెట్లెక్కుతున్నాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, లిఫ్టు ఆగితే భవనం కూలేట్టు అరిచే మనిషి. ఇప్పుడు ఆయాసపడుతూ నవ్వుతున్నాడు. టైలరు బట్టల మూట నెత్తిన పెట్టుకుని ఎక్కుతున్నాడు. మా భవనంలో ఆ పొద్దున అందరూ మెట్లే ఎక్కారు, ఒక్కరూ విసుక్కోలేదు.

నేను ఏడో అంతస్తుకు పరిగెత్తాను. ఇనప తలుపు సందుల్లోంచి మామయ్య కనిపించాడు. స్టూలు మీద కూర్చుని పలకను చూస్తున్నాడు. పలక అడుగున ఒక్క సున్నా. పక్కన గోడ మీద, పైనుంచి కింది దాకా, రెండు సంఖ్యలు గుణించి సరిచూసుకున్నాడు. అన్నిటికన్నా కింద పదిహేడు ఒకట్లు, ఒకటి పక్కన ఒకటి, నిటారుగా నిలబడి ఉన్నాయి.

తలుపు తీశాడు. "విరిగిందమ్మా" అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి స్టూలు పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయనే అన్నాడు, "ఇదే సంఖ్యను నిన్న చేశాను. నిన్న విరగలేదు. అంటే నేను తప్పు చేసి దాటిపోయాను. నిన్న నాకు కోపం రాకపోతే ఇక ఎప్పటికీ దొరికేది కాదు."

"అదృష్టం మామయ్యా."

"అదృష్టమా? నీకు కోపమొస్తే ముక్కు ఎర్రబడుతుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. నిన్న నీ ముక్కు పాలిపోయి ఉంది. ఇంటికెళ్ళాక అది గుర్తొచ్చింది. రాత్రంతా నిద్ర పట్టలేదు."

నేను ముక్కు మూసుకున్నాను. ఆయన నవ్వాడు.

"ఫోన్లో చూస్తే దొరుకుతుందని నాకు తెలీదనుకున్నారా? మొదట్నుంచీ తెలుసు. ప్రతి పొద్దునా తలుపు తీస్తుంటే భయమేసేది. ఇవాళ ఎవరో ఒకరు చెప్పేస్తారు, అయిపోతుంది అనుకునేవాణ్ణి. ఎక్కేవాళ్ళు ఎక్కేవారు, విరిగిందా అని అడిగేవారు, దిగిపోయేవారు. ఒక్కరూ చెప్పలేదు. సాయంత్రం తలుపు మూసి తాళం వేసేటప్పుడు రోజూ మనసులో అందరికీ దండం పెట్టుకునేవాణ్ణమ్మా."

"మరి ఇది నీ లెక్కేనా? మేం కలగజేసుకున్నాం కదా" అని అడిగాను. రాత్రంతా నన్ను తొలిచిన ప్రశ్న అదే.

"నీ కోపం అబద్ధం. నాది నిజం. నిజంగా కోపమొచ్చింది కాబట్టి లెక్క కొట్టేశాను, నియమం తప్పలేదు. నువ్వు దారి చెప్పలేదు, దారి తప్పినవాణ్ణి వెనక్కి పంపించావు. నడిచింది నేనే" అన్నాడు. పలక తీసి స్టూలు మీద పెట్టి, "ఆ ఉపాయం నీది కాదులే" అన్నాడు.

అప్పటికి ఆయమ్మ బకెట్టుతో మెట్లెక్కి వచ్చింది. ఆమె వెనక మెట్ల మీద మిగతా అందరూ ఉన్నారు. మామయ్య లిఫ్టులోంచి బయటికి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

"నా కోసం అన్ని మాటలు పడ్డావా చెల్లెమ్మా!"

ఆమెకు సిగ్గేసింది. "మాటలదేముందన్నయ్యా. నేల మీద నీళ్ళు పడ్డట్టే. తుడుచుకుంటే పోతాయి" అంది. ఆ తర్వాత లోపలికి తొంగి చూసి, "అన్నీ ఒకట్లేనా? ఇంకేదైనా ఉంటుందనుకున్నాను" అంది. మెట్ల మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు, వకీలు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తర్వాత పందొమ్మిదా బాబాయ్?" అని టైలరు అడిగాడు.

"పందొమ్మిది జోలికి పోవద్దని టీచరమ్మ పోయే ముందే చెప్పింది. అది మొండిదట, విరగదట. ఆ ఒక్క జవాబు చెప్పి నన్ను కాపాడిందా తల్లి" అన్నాడు మామయ్య. తలుపు బార్లా తీసి, "ఎక్కండి, ఎక్కండి. ఎవరెవరు ఎక్కడెక్కడ?" అన్నాడు. మోకాళ్ళ నొప్పులన్నీ లిఫ్టెక్కాయి.

ఆ ఆదివారం ముగ్గురం కాదు, నలుగురం వెళ్ళాం. ఆయమ్మ రానంటే అత్తయ్య వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పార్కులో కూర్చుని తెచ్చుకున్నది తిన్నాం. నేను ఆమెను నా చిన్నప్పటి జ్వరాల గురించి అడిగాను. ఆమె నేను ఎంత ఏడ్చేదాన్నో, ఎవరెవర్ని కరిచేదాన్నో చెప్పింది. నా కోపం కొత్తదేం కాదని తేలింది.

మామయ్య ఇంకా లిఫ్టు నడుపుతున్నాడు. పలక మీద ఇప్పుడు చిన్న చిన్న లెక్కలే చేస్తున్నాడు, ఊరికే, సరదాకి. ఎక్కేవాళ్ళకు ఆ అలవాటు పోలేదు. "విరిగిందా?" అంటారు, "విరిగింది" అంటాడు, దిగిపోతారు.

ఆయమ్మ వారానికి రెండుసార్లు తడిగుడ్డతో లిఫ్టు గోడలు తుడుస్తుంది. తలుపు వైపు నుంచి మొదలుపెట్టి, స్టూలున్న మూల దాకా వస్తుంది. అక్కడ తడిగుడ్డ బకెట్టులో వేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, నడుముకు దోపుకున్న పొడిగుడ్డ తీసి, సుద్ద అంకెల చుట్టూ నెమ్మదిగా దుమ్ము దులుపుతుంది. ఆమెకు లెక్కలు రావు. పదిహేడులో ఒక్క ఒకటీ ఇంతవరకు చెరగలేదు.